రోము చక్రవర్తుల చుట్టరికాలు

సుభాషిణి పుట్టగొడుగుల కూర గిన్నెను పక్కకి జరిపిన రోజున వకుళమ్మకి ఏ అనుమానమూ రాలేదు. ల్యాబులో టీల మీద టీలు తాగి ఆకలి చచ్చిపోయి ఉంటుందనుకుంది. మర్నాడు పప్పుచారు కూడా ముట్టలేదు. ఆ పై రోజు తల్లి కలిపి అందించిన ముద్దను చేతిలోకి తీసుకుని, నోటి దాకా తెచ్చి ఆగిపోయింది.

"ముందు నువ్వు తినమ్మా."

"నేను ఇందాకే తిన్నాను కదే."

"అయినా సరే. ఇందులోంచే ఒక ముద్ద."

వకుళమ్మ నవ్వుతూ తింది. ఆ ముద్ద తల్లి గొంతు దిగేదాకా సుభాషిణి రెప్ప వెయ్యకుండా చూసింది. మెదడు మీద పరిశోధనలు చేసే మనిషి, నెరిసిన వెంట్రుకలు కనబడుతున్న కూతురు, చిన్నపిల్లలా పేచీ పెడుతోందనుకుంది వకుళమ్మ. కానీ గిన్నెలు కడుగుతుంటే ఎందుకో ఆ చూపే గుర్తొచ్చింది. అలాంటి చూపు గురించి తను ఎక్కడో చదివింది.

ఆమెకి బళ్ళో చదువు ఐదో తరగతితో సరి. భర్త ముత్యాలరావు సరుకు ఓడల్లో ఇంజను గది పనికి వెళ్ళేవాడు. ఒకసారి కాకినాడ రేవులో పడవ ఎక్కి, దూరంగా లంగరు వేసి ఉన్న ఓడ వైపు పోతూ చెయ్యి ఊపాడు. ఓడ తిరిగొచ్చింది గాని అతను రాలేదు. అప్పటి నుంచి ఎవరు గడప దాటినా వకుళమ్మ గుండె పీచుపీచుమనేది. సుభాషిణి కాలేజీకి బయల్దేరినా వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసేది, మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడేది. ఆ బెంగలో ఉండగా శాఖా గ్రంథాలయంలో రోము చరిత్ర చేతికి తగిలింది. అందులో ఉన్నవాళ్ళు చెయ్యవలసిన ప్రయాణాలన్నీ చేసేశారు, చావవలసిన చావులన్నీ చచ్చేశారు. ఇక వాళ్ళు తనను విడిచిపెట్టి పోయేదంటూ ఏమీ లేదు. అందుకే వాళ్ళని ధైర్యంగా దగ్గరికి తీసింది.

కూతురు ట్యాబు కొనిచ్చాక ఆమెకి పట్టపగ్గాలు లేకపోయాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడబలుక్కుంది. మ్యూజియంలవాళ్ళు పెట్టిన నాణేల బొమ్మలు పెద్దవి చేసి, ఏ చక్రవర్తికి మెడ బలిసిందో, ఎవరికి జుట్టు పలచబడిందో చూసుకునేది. సమాధి రాళ్ళ మీది రాతలు, పాత చరిత్రకారుల అనువాదాలు, వేలు పెడితే దారులు వెలిగే పటాలు, అన్నీ తిరిగేది. ఏ సైటు పుకారుని పుకారని చెబుతుందో, ఏది కట్టుకథని చరిత్ర చేసి చూపిస్తుందో వాసన పట్టడం నేర్చుకుంది.

సుభాషిణి ల్యాబులో తయారవుతున్నది నుదుటికి కట్టుకునే ఒక పట్టీ. అది కట్టుకుని తెర మీద పేజీ చదివితే, చదివింది ఇక చెరగదు. దాన్ని పరీక్షించడానికి ఊళ్ళో ఎవరికీ ముందుగా తెలియని విషయం కావలసి వచ్చింది. రోము చరిత్ర తీసుకున్నారు. దాని మీద తెలుగులో సైటు కట్టాలి. రాసేవాళ్ళెవరు?

"మా అమ్మ ఉంది కదా," అంది సుభాషిణి.

ఆ ఒక్క మాటకి వకుళమ్మ పొంగిపోయింది. పగలంతా కూర్చుని పేజీలు రాసింది. గ్రంథాలయం బల్ల మీద ఒంటరిగా చదువుకున్నదంతా ఎవరికో ఎదురుగా కూర్చోబెట్టి చెబుతున్నట్టు రాసింది.

తీరా పట్టీ కట్టి చదివిస్తే ఎవరికీ ఏమీ నిలవలేదు.

"ఏటమ్మా ఈ పేర్లు!" అన్నాడు ల్యాబు పెద్ద భానోజీరావు. ఆయనది విజయనగరం. "కొత్త సంగతి బుర్రలో వేలాడాలంటే ముందే అక్కడో మేకు ఉండాల. ఇలాటి పట్టీకే ఇంగ్లీషోళ్ళు కట్టిన సైటుకి ఎవలూరి వీధులు ఆళ్ళకి మేకులుగా వాడినారు. ఈ సందులో ఈ రాజు, ఆ సందులో ఆ రాజు. మనోళ్ళకి అది పట్టటంలేదు."

"వీధులెందుకు బాబూ గుర్తుంటాయి?" అంది వకుళమ్మ. "పెళ్ళిలో కొత్త మనిషి కనబడితే ఏ వీధని అడుగుతామా? ఎవరి తాలూకని అడుగుతాం. ఈ మొదటి రాజులంతా ఒక ఇంటివాళ్ళే. అగస్టసు సీజరుకి మేనకోడలి కొడుకు. టైబీరియసు అగస్టసుకి పెళ్ళాం వెంట వచ్చిన కొడుకు, మళ్ళీ అల్లుడు కూడాను. కలిగులాకి క్లాడియసు బాబాయి. ఆ క్లాడియసు వయసు మళ్ళాక అన్న కూతుర్ని చేసుకున్నాడు, అగ్రిప్పినా అని."

"అన్న కూతుర్నే! రామ రామ. అక్క కూతురైతే సర్దుకుందుము."

"చూశావా, నీకు పట్టీ లేకుండానే గుర్తుండిపోయింది."

ల్యాబంతా గొల్లుమంది. ఆ పూటే పద్ధతి మార్చేశారు. బాబాయి పేజీ చదివేటప్పుడు ఎవరి బాబాయిని వాళ్ళు తలుచుకోవాలి. అన్నదమ్ముల పేజీకి ఎవరి తోడబుట్టినవాళ్ళని వాళ్ళు. నీరో తల్లి అగ్రిప్పినా పేజీకి ఎవరి తల్లిని వాళ్ళు.

మొట్టమొదట పట్టీ కట్టుకున్నది సుభాషిణి. "నా తల మీద పెట్టకుండా ఇంకొకరి తల మీద పెట్టను," అంది. తరవాత కామర్సు లెక్చరరు పేర్రాజు కట్టుకున్నాడు. ఇద్దరూ చక్రవర్తులని కన్నబిడ్డల పేర్లు చెప్పినట్టు చెప్పేశారు. భానోజీరావు పూతరేకులు పంచాడు. వకుళమ్మ ఆ రోజు ఎవరినీ సాగనంపడానికి గుమ్మంలోకి రాలేదు. అంత నిశ్చింతగా ఉంది.

ఆ తరవాతే పుట్టగొడుగుల కూర.

సుభాషిణి ఇంట్లో మంచినీళ్ళు తాగడం కూడా మానేసింది. తన గదికి లోపల గడియ వేసుకునేది. తల్లి వెనకగా నడిచి వస్తే ఉలిక్కిపడి గోడకి ఆనుకునేది. బుగ్గలు లోపలికి పోయాయి, జాకెట్లు వదులైపోయాయి.

"నా మీద కోపమా సుభా?" అని ఒకనాడు తలుపు ఇవతల నిలబడి అడిగింది వకుళమ్మ.

"కోపం కాదమ్మా." లోపలి నుంచి గొంతు చిన్నగా వచ్చింది. "నువ్వు మంచిదానివని నాకు తెలుసు. తెలిసినా చెయ్యి వెనక్కి పోతోంది. నేనేం చెయ్యను?"

సంగతి పేర్రాజు వల్ల బయటపడింది. అతని తమ్ముడు అతన్ని జబ్బ పట్టుకుని ల్యాబుకి తీసుకొచ్చాడు.

"ఏం చేశారండీ మా అన్నయ్యని?" అన్నాడు తమ్ముడు. "పొద్దున్నే నా కాళ్ళ మీద పడ్డాడండీ. అమ్మ ఒళ్ళోనే నిన్ను పొడిచేశాన్రా, క్షమించరా అంటాడు. మా అమ్మేమో గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటోంది. ముందు నవ్వొచ్చిందండీ, ఆయ్. తరవాత భయమేసింది."

పేర్రాజు తలెత్తలేదు. తమ్ముడి చొక్కా అంచు మాత్రం వదలకుండా పట్టుకున్నాడు.

వకుళమ్మ కూడా అప్పుడు అక్కడే ఉంది. కరకల్లా అనే చక్రవర్తి తన తమ్ముడు గేటాని తల్లి చేతుల్లోనే చంపించిన పేజీ ఆమెకి కంఠతా వచ్చు. రాసింది తనే. అగ్రిప్పినా భర్తకి పుట్టగొడుగుల్లో విషం పెట్టించిందని పాతవాళ్ళు చెప్పుకునేవారని రాసింది కూడా తనే. అది చెప్పుకున్న మాటేనని, రుజువు లేదని జాగ్రత్తగానే రాసింది. కూతురి తలలోకి వెళ్ళేటప్పటికి ఆ జాగ్రత్త రాలిపోయి విషం మాత్రం మిగిలింది.

భానోజీరావు కుర్చీలో కూలబడ్డాడు. "వీధి మీద తగిలిస్తే వీధి పాడైతాది, ఎవడికీ పట్టదు. మనం మనుషుల మీద తగిలించీసినామమ్మా."

"తియ్యలేరా బాబూ?"

"తియ్యొచ్చు. కానీ మేకు పీకితే గోడ పెచ్చు కూడా ఊడొస్తాది. రోమూ పోతాది, దాన్ని తగిలించిన మనిషీ పోతాడు."

పేర్రాజుకి తీసేశారు. అతను ప్రశాంతంగా లేచి, తలంటు పోసుకున్నవాడిలా కనిపించాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముణ్ణి చూసి నమస్కారం పెట్టి, "తమరు ఎవరి తాలూకండీ?" అన్నాడు. ఆ తమ్ముడు ల్యాబు మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

అది కళ్ళారా చూశాక సుభాషిణి ఒప్పుకోలేదు. "ఇలాగే ఉంటానమ్మా. నిన్ను చూసి భయపడుతూనే బతుకుతాను. భయపడటానికైనా నువ్వుంటావు కదా."

వకుళమ్మ పెద్దాపురంలో తెలిసినవాళ్ళింటికి వెళ్ళి ఉంటానంది. ఎవరినీ విడిచి వెళ్ళని మనిషి, తనంతట తాను సంచీ సర్దుకుని బస్సెక్కింది. అక్కడ ఉండగా భానోజీరావు ఫోన్ చేశాడు. సుభాషిణి ల్యాబులోనే పడుకుంటోందట. కిటికీలకి అట్టలు అడ్డం పెట్టిందట. అమ్మ కనబడటంలేదు, ఏదో పన్నుతోంది అంటోందట. క్యాంటీను టీ కూడా వేరేవాళ్ళు తాగాకే తాగుతోందట. వకుళమ్మ ఫోన్ పెట్టేసి ఏడ్చింది. కనబడని తల్లిని తలుచుకుని నీరో ఇంకా హడలిపోయాడని ఆ పేజీలో ఎంత సొంపుగా రాసింది తను!

ఆమె తిరిగి వచ్చి, కూతుర్ని ల్యాబు నుంచి ఇంటికి తెచ్చుకున్న వారానికి, ఆదివారం పొద్దున, సుభాషిణి గది తలుపు తీసుకుని బయటికొచ్చింది. తలంటుకుని ఆకుపచ్చ చీర కట్టుకుంది. మొహం నిండా నవ్వు.

"అమ్మా, కోరంగి వెళ్దామా? మడ అడవుల్లో పడవ షికారు. నువ్వెప్పుడూ చూడలేదు కదా."

ఎన్నాళ్ళకి ఆ నవ్వు! వకుళమ్మ పట్టుచీర ఒకటి తీసి కట్టుకుంది. ఆటోలో కూతురు పక్కనే కూర్చుంది, మోచెయ్యి మోచేతికి తగిలేంత దగ్గరగా. దారి పొడుగునా వకుళమ్మకి అంతా అర్థమవుతూనే ఉంది. అర్థమయ్యీ ఆ మోచెయ్యి పక్కకి తియ్యలేకపోయింది.

అందరూ ఎక్కే బోటు రేవు దాటి, చెట్ల మధ్య బురద గట్టు దగ్గర ఆపించింది సుభాషిణి. అక్కడ ఒక పాత నాటు పడవ కట్టి ఉంది. చెక్కల సందుల్లోంచి నీరు ఊరుతోంది.

"నువ్వెక్కమ్మా. పడవవాడు టీ తాగి వస్తాడు. నాకు పడవ పడదు, కళ్ళు తిరుగుతాయి. గట్టు మీదే ఉంటాను."

"మరి ఆ నారింజ రంగు జాకెట్లు ఇస్తారు కదే, ములగకుండా."

"ఎందుకమ్మా, ఉక్కపోస్తుంది."

అని దగ్గరికొచ్చి తల్లిని కావలించుకుంది. గట్టిగా, విడిచిపెట్టకుండా, మెడ మీద మొహం ఆన్చి కావలించుకుంది. నెలల తరబడి ఆ చేతులు తనను తాకలేదు. వకుళమ్మ కళ్ళు మూసుకుంది. నీరో తన తల్లిని చంపడానికి విరిగిపోయే పడవ ఎక్కించే ముందు చాలాసేపు కావలించుకుని సాగనంపాడు. ఆ వాక్యం రాస్తూ ఆమె చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది కూడా. ఇది ఆ కౌగిలే. అయినా కూతురి వెచ్చటి ఊపిరి మెడకి తగులుతుంటే, ఇంకాసేపు, ఇంకొక్క క్షణం అని ఆమె ప్రాణం కొట్టుకుంది.

పడవ ఎక్కేద్దామనే అనిపించింది. ముత్యాలరావు పోయిన నీళ్ళే ఇవీ, ఒక్క అడుగు వేస్తే సరిపోతుంది, పిల్లకి భయం తీరిపోతుంది. తీరుతుందా? తల్లి పోయాక నీరోకి కంటి మీద కునుకు లేదని, చీకట్లో తల్లి అడుగులు వినిపించేవని చెప్పుకునేవారు. అదీ తనే రాసింది. అదీ ఆ తలలో ఉంది.

వకుళమ్మ కూతురి వీపు నిమిరింది. "సుభా, ఈ పడవ పేజీ రాసింది నేనేనే తల్లీ."

సుభాషిణి ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుపోయింది. చేతులు జారిపోయాయి. పడవ వైపు చూసింది, ఊరుతున్న నీటి వైపు చూసింది, తల్లి కట్టుకున్న పట్టుచీర వైపు చూసింది. బురదలోనే కూలబడింది.

"ఎక్కకమ్మా. నా మాట వినకు. ఎక్కకు, ఎక్కకు."

"ఎక్కటంలేదు. లే. చీరంతా బురద."

"ఈ పడవ నేనే వెతికి పెట్టానమ్మా. నిన్న సాయంత్రం వచ్చి చూసుకున్నాను. తిరిగి వెళ్తూ నీకు మల్లెపూలు కూడా కొన్నాను. నేనేం మనిషిని?"

"నువ్వు కాదులే. రేపు భానోజీరావు దగ్గరికి వెళ్దాం. తీయించేద్దాం."

"తీయిస్తే నువ్వెవరో నాకు తెలీదు."

"తెలియకపోతే భయమూ ఉండదు."

"మరి నీకో?"

వకుళమ్మ కూతుర్ని లేవదీసి, కాళ్ళకంటిన బురద కాలువ నీళ్ళతో కడిగింది. సుభాషిణి కడిగించుకుంది గాని తల్లి చెయ్యి తగిలినప్పుడల్లా పాదం వెనక్కి లాక్కుంటూనే ఉంది.

మర్నాడు ల్యాబులో పట్టీ కట్టే ముందు భానోజీరావు తల్లీ కూతుళ్ళని కాసేపు విడిగా వదిలాడు. ఏదైనా చెప్పుకోమన్నాడు. చెప్పుకోవడానికి ఏముంది? ఏం చెప్పినా ఒకరి దగ్గరే మిగులుతుంది. సుభాషిణి కుర్చీలో కూర్చుని తల్లి చేతుల వైపే చూస్తోంది, వాటిలో ఏమైనా ఉందేమోనని. అది గమనించి వకుళమ్మ ఖాళీ అరచేతులు రెండూ తెరిచి ఒళ్ళో పెట్టుకుంది. తరవాత అద్దం అవతలికి వెళ్ళి నిలబడింది. సుభాషిణి కళ్ళు మూసుకునేదాకా తల్లినే చూసింది. ఆ ఆఖరి చూపులో కూడా భయం తప్ప ఇంకేమీ లేదు.

ఇంటికొచ్చాక అంతా బాగుంది. సుభాషిణి ఆకలేసి తింటోంది. గడియ వేసుకోకుండా నిద్రపోతోంది. భానోజీరావు ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని, జరిగిందంతా చెప్పాడు. ఫోటోలు చూపించాడు. ఆమె శాస్త్రం చదువుకున్న మనిషి, సాక్ష్యాన్ని కాదనలేదు. ఆ ఇంట్లో ఉన్న పెద్దావిడ తన తల్లి అని ఒప్పుకుంది. "అమ్మగారూ" అని పిలవసాగింది. బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగేది. ఆవిడ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడేది. వకుళమ్మ ఒకసారి అలవాటు కొద్దీ తల నిమరబోతే కదలకుండా ఓర్చుకుంది, బస్సులో పక్కవాళ్ళ భుజం తగిలితే ఓర్చుకున్నట్టు.

భానోజీరావు సైటు మూసేశాడు. నాణేల బొమ్మలు, చక్రవర్తుల పేజీలు, చుట్టరికాలు అన్నీ పోయాయి. వకుళమ్మ ట్యాబు ముట్టుకోవడమే మానేసింది.

ఒక సాయంత్రం సుభాషిణి కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చి, నేల మీద మఠం వేసుకు కూర్చుంది.

"అమ్మగారూ, నాకు మీ గురించి తెలుసుకోవాలని ఉందండి. ఫోటోలు చూస్తుంటే సిగ్గుగా ఉంటోంది, ఇంత దగ్గరివాళ్ళ సంగతి ఏమీ తెలియదంటే. మీరు చెబితే నేర్చుకుంటాను. నాకు జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది."

"ఎక్కణ్ణుంచి చెప్పను?"

"మీ ఇష్టమండి. ముఖ్యమైనవి ముందు చెప్పండి."

వకుళమ్మ గ్లాసు కింద పెట్టింది. రోము కథైతే ఆమెకి తడుముకోవలసిన పని ఉండేది కాదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"నాకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. తుపాను రోజులు. ఊరంతా నీళ్ళు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి రిక్షా దొరకలేదు. పక్కింటి బంగారమ్మ చెక్క బల్ల మీద నన్ను పడుకోబెట్టి మనుషుల చేత మోయించింది. దారిలోనే కాన్పయిపోయింది. పిల్ల ఏడవలేదు. నీలంగా ఉంది, గుప్పెడంత. బంగారమ్మ కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచింది. అయినా ఏడవలేదు. మోసేవాళ్ళు బల్ల దించేశారు. ఒకడు తలగుడ్డ తీసేశాడు. నేను ఆ వానలోనే లేచి కూర్చుని, పిల్లని లాక్కుని, దాని నోట్లో నోరు పెట్టి ఊదుతూ ఉన్నాను. ఎంతసేపు ఊదానో నాకు తెలీదు."

సుభాషిణి ముందుకి వంగింది. కళ్ళు పెద్దవి చేసుకుని, రెండు చేతులూ బిగించి వింటోంది.

"అయ్యో! బతికిందా అండీ?"

అనేసి ఒక్క క్షణం ఆగింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"ఓ, నేనే కదూ," అని మర్యాదగా నవ్వింది. "క్షమించండి. బాగా చెబుతున్నారండి మీరు. ఆ తరవాత?"

వకుళమ్మ చల్లారిన కాఫీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఆ తరవాత ఏడ్చింది," అంది.